మొండి నేల మీద మొదలైన ఆట

వంతులవారీ వ్యూహ క్రీడల్లో ఆడేవారికి మొదట దక్కేది ఒక గుంపు జనం, వాళ్ల చుట్టూ నాలుగు గడుల నేల. మిగతా పటమంతా చీకటే. ఆ నాలుగు గడుల్లో నది, పచ్చిక మైదానం, అడవి, కాసిన్ని గుట్టలు కనబడితే ఆట హాయిగా నడుస్తుంది. ఎడారో, మంచు నేలో, దాటడానికి వీల్లేని కొండలో కనబడితే మొదటి వంతులోనే ఆడేవారి మొహం మాడిపోతుంది. ఎదుటివాడి ఎత్తు వల్ల కాకుండా, తన పొరపాటు వల్ల కూడా కాకుండా వచ్చిపడే నష్టం ఇది. చదరంగంలో ఈ బాధ లేదు. ఇద్దరికీ అవే పదహారు పావులు, అవే అరవై నాలుగు గళ్లు. పటాన్ని కంప్యూటరే ప్రతిసారీ కొత్తగా అల్లే ఆటల్లో మాత్రం నేల కూడా పాచికలాంటిదే.

ఈ తరహా ఆటల్లో ఎక్కువమందికి తెలిసింది ‘సివిలైజేషన్’. సిడ్ మైయర్ రూపొందించిన మొదటి ఆట 1991లో వచ్చింది, ఆరోది 2016లో. ఆరో ఆట లెక్కలు చూస్తే చెడ్డ నేల అంటే ఏమిటో తేటపడుతుంది. నగరంలో ఒక్కో జనాభా యూనిట్ వంతుకు రెండు పాళ్ల ఆహారం తింటుంది. పచ్చిక గడి రెండు పాళ్ల ఆహారం ఇస్తుంది, అంటే తన మీద పనిచేసేవాడిని తానే పోషిస్తుంది. పొడి మైదానం ఒక పాలు ఆహారం, ఒక పాలు ఉత్పత్తి ఇస్తుంది. టండ్రా ఇచ్చేది ఒక పాలు ఆహారమే. ఎడారి, మంచు గడులు ఉత్తచేతులు చూపిస్తాయి. గుట్ట ఉంటే ఉత్పత్తికి ఇంకో పాలు కలుస్తుంది. ఊరి నడిబొడ్డు గడికి మాత్రం ఆటే దయ చూపి, ఎక్కడ నిలిపినా కనీసం రెండు పాళ్ల ఆహారం, ఒక పాలు ఉత్పత్తి ఇస్తుంది. కాబట్టి ఎంత పాడు నేలలోనైనా మొదటి ఊరు చావదు. పెరగదు, అంతే.

పటం అల్లే ప్రోగ్రాం గుడ్డిగా విసిరేస్తుందనుకోవడం పొరపాటు. అయిదో ‘సివిలైజేషన్’లో అది నేలను సారాన్ని బట్టి ప్రాంతాలుగా విడగొడుతుంది. ఎవరికైనా మరీ బీద చోటు పడితే దగ్గర్లో పశువులో, రాయో అదనంగా పెడుతుంది. ఆరో ఆటలో కొన్ని రాజ్యాలకు తమకు నచ్చే నేల దగ్గరే మొదలయ్యే మొగ్గు ఉంటుంది: రష్యాకు టండ్రా, మాలీకి ఎడారి, ఇన్కాలకు కొండలు. అయినా సగటు సవ్యంగా ఉన్నంత మాత్రాన ఒక్కొక్కరి వాటా సవ్యంగా ఉండాలని లేదు. పైగా ప్రోగ్రాం కొలిచేది మొత్తం సారాన్ని. ఆడేవారిని ఇబ్బంది పెట్టేది సాధారణంగా ఒకే ఒక్క లోటు.

మొఘల్‌పురాలో దిగితే

ఆ లోటు ఎలా పనిచేస్తుందో చూడడానికి హైదరాబాద్ పాతబస్తీని మించిన పటం దొరకదు. ఆట కొలతల్లో నగరమంతా ఒక్క గడిలో ఇమిడిపోతుంది గానీ, ఒక పేటను ఒక గడి అనుకుని, చార్మినార్‌కు ఆగ్నేయంగా నడక దూరంలో ఉన్న మొఘల్‌పురాలో జనాన్ని దింపినట్టు ఊహిస్తే చుట్టూ కనిపించేది ఇదీ. సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. దాని మీద పలుచగా పరచుకున్న ఎర్రని చెల్క నేల. ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన, అందులో ఎక్కువ పాలు జూన్ నుంచి అక్టోబరు లోపే. తీరం వందల కిలోమీటర్ల దూరం. ఉత్తరాన మూసీ ఉంది, కానీ పేటను ఒరుసుకుని పారదు. ఆటలో ఒక్క గడి ఎడమైనా ఆ ఊరికి నది లేనట్టే లెక్క. ఆటలో లేని ఇబ్బంది మరొకటి ఈ నదికి ఉంది. తెర మీది నీలిగీత ఏడాదంతా పారుతుంది. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ అలాంటిది కాదు. వానాకాలంలో విరుచుకుపడి, ఎండాకాలానికి పాయగా మిగిలేది.

ఆట తెలిసినవారు ఇలాంటి పటం ముందు కూర్చుని చేసే మొదటి పని ఫిర్యాదు కాదు, లెక్క. తిండా, నీరా, ఉత్పత్తా, వసతా, ఏది తక్కువ? ఏది అవసరానికి మించి ఉంది? చెడ్డ నేల అనుకునేది చాలాసార్లు అన్నిటికీ చెడ్డది కాదు. ఒకదానికి చెడ్డదై, ఇంకోదానికి మితిమీరి మంచిదై ఉంటుంది. ఆటంతా ఆ మిగులును ఖర్చుపెట్టి ఈ లోటును కొనుక్కోవడమే. ఇక్కడి పటంలో లోటు నీరు. మిగులు రాయి, వాలు, దారులు.

లెక్క తేలాక వచ్చే ప్రశ్న: ఉన్నచోటే ఊరు కట్టాలా, జరగాలా? మామూలు వేగంతో ఆడితే ఆట 500 వంతులు సాగుతుంది. అందులో ఒకటి రెండు వంతులు పోయినా, నది పక్కకో, పొడి మైదానపు గుట్ట మీదకో చేరితే ఆ ఖర్చు తిరిగొస్తుంది. ఆ గుట్ట మీద నిలిపిన ఊరికి రెండు పాళ్ల ఆహారంతో పాటు రెండు పాళ్ల ఉత్పత్తి మొదటి వంతు నుంచే అందుతుంది. అయిదారు వంతులు తిరగడం మాత్రం చాలావరకు దండగ. చీకట్లో ఇంకా మంచి చోటు ఉందేమోనన్న ఆశతో తిరిగేలోపు పక్కవాళ్లు రెండో ఊరికి జనాన్ని సిద్ధం చేసుకుంటారు.

అనుభవం ఉన్నవారు ఎక్కువగా నమ్మేది వేరే దారి. మొదటి ఊరును ఉన్నచోటే నిలిపి, దాన్ని రక్షణకూ ఉత్పత్తికీ వాడుకుంటూ, పెరగగలిగిన రెండో ఊరును మెరుగైన నేలలో కట్టడం. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు చేసింది అదే. గోల్కొండ కొండ మీది కోట శత్రువును ఆపడానికి పుట్టిందే గానీ జనం కిక్కిరిశాక నీళ్లివ్వడానికి కాదు. ఇబ్రహీం కులీ కాలంలో, 1578లో, మూసీ మీద పురానాపూల్ కట్టారు. ఆయన కుమారుడు మహమ్మద్ కులీ 1591లో నదికి దక్షిణాన చార్మినార్ నడిబొడ్డుగా హైదరాబాద్‌కు పునాది వేశాడు. నాలుగు దిక్కులకూ నాలుగు దారులు వెళ్లే ఆ నగర రచన పేష్వా (ప్రధాని) మీర్ మోమిన్ అస్తరాబాదీది. వంతెన ముందు, ఊరు తరువాత: ఈ వరస గమనించదగ్గది. కోటను వదిలెయ్యలేదు కూడా. కష్టకాలానికి అది అలాగే ఉండిపోయింది.

నీటి లెక్క

ఆరో ‘సివిలైజేషన్’లో నీరు తిండి రూపంలో కాదు, వసతి రూపంలో లెక్కకు వస్తుంది. నది, చెరువు, ఒయాసిస్సు పక్కన కట్టిన ఊరికి మొదలే అయిదు పాళ్ల వసతి. సముద్రతీరమైతే మూడు. ఏ నీరూ లేకపోతే రెండు. జనాభా వసతి అంచుకు చేరగానే పెరుగుదల సగానికి, ఆ తర్వాత పావుకు పడిపోతుంది. అందుకే నీళ్లులేని ఊరు చుట్టూ ఎంత తిండి ఉన్నా మూడు నాలుగు దగ్గర గిడసబారిపోతుంది. కొత్తగా ఆడేవారు ఇక్కడే మోసపోతారు. తిండి చాలడం లేదనుకుని పొలాలు పెంచుతూ పోతారు. లోటు నీటిది.

దీనికి మందు కాలువ. ఇంజినీరింగ్ విద్య పట్టుబడ్డాక ఊరి పక్క గడిలో కాలువ కట్టుకుంటే, నీరులేని ఊరి వసతి ఆరుకు చేరుతుంది. దాని రెండో కొస నదికో, చెరువుకో, ఒయాసిస్సుకో, కొండకో తగలాలి. కొండ దగ్గర దిక్కులేక మొదలుపెట్టినవారికి ఆ కొండే నీటి ఊట అవుతుందన్నమాట. గోల్కొండవాళ్లు దుర్గం చెరువు నీటిని కోట దాకా తెచ్చి, అక్కడి నుంచి అంచెలంచెలుగా చక్రాలతో తోడి, మట్టి గొట్టాల గుండా పైన బాలాహిస్సార్ వరకూ ఎక్కించారు. ఆటలోని కాలువకు ఒక్క మీట నొక్కి, కొన్ని వంతులు ఆగితే చాలు. ఈ కాలువ వెనక రోజూ ఎద్దులు నడవాలి.

కానీ దక్కన్ అసలు విద్య చెరువు. నేల వాలుగా ఉంటుంది, అడుగున రాయి ఉంటుంది, వాన కొన్ని నెలల్లోనే కురిసి వెళ్లిపోతుంది. ఈ మూడూ విడివిడిగా శాపాలే. రెండు గుట్టల నడుమ కట్ట వేసి వాననీటిని ఆపితే మూడూ కలిసి వరమవుతాయి. వాలు నీటిని తెస్తుంది, రాయి దాన్ని ఇంకిపోనివ్వదు, కట్టకు బండలు పక్కనే దొరుకుతాయి. ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీరు కిందిదానికి చేరేలా కాకతీయులు గొలుసుకట్టుగా తవ్వించారు. రామప్ప, పాకాల, లక్నవరం ఆ కాలం నాటివే. హైదరాబాద్ పుట్టడానికి మూడు దశాబ్దాల ముందే హుసేన్‌సాగర్ ఉంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ పాలనలో హుసేన్ షా వలీ పర్యవేక్షణలో కట్టారు. పాతబస్తీ దాహం తీర్చడానికి దివాను మీర్ ఆలం పేరిట నైరుతి దిక్కున మరో జలాశయం 1806 నాటికి సిద్ధమైంది. దాని ఆనకట్ట మామూలు కట్టలా తిన్నగా ఉండదు. 21 అర్ధవృత్తాకారపు రాతి కమానులు వరసగా నీటి వైపు ఉబ్బి నిలబడతాయి. నీటి ఒత్తిడిని కమాను తన వంపు మీదుగా పక్క స్తంభాలకు పంపేస్తుంది. రెండు వందల ఏళ్లు దాటినా కట్ట పనిచేస్తూనే ఉంది. మిగులు రాయితో నీటి లోటును కొనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ చూపడం కష్టం.

చెరువు అందని వీధికి బావి ఉండేది. మొఘల్‌పురా పక్కనే హరిబౌలి, కాస్త ఎడంగా దూద్‌బౌలి: పాతబస్తీ పేటల పేర్లే ఆ కాలపు నీటి పటం. భారతదేశం తరఫున ఆడేవారికి ‘సివిలైజేషన్’ కూడా మెట్లబావిని ప్రత్యేక నిర్మాణంగా ఇస్తుంది. ఒక్కో బావికి ఒక పాలు ఆహారం, ఒక పాలు వసతి. పొలం పక్కన తవ్వితే ఆహారం ఇంకాస్త. రెండు బావులు పక్కపక్కన కుదరవు, గుట్ట మీద అసలే కుదరదు. గుట్ట మీద వద్దన్న షరతు విని గోల్కొండ ప్రాంతంవాళ్లు నవ్వుకోవచ్చు. కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని బడీ బావిని బాగుచేశారు. ఇక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది. అదే ఏడాది చివర సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి కూడా పూడిక తీయించుకుని తెరుచుకుంది.

నది పక్కన ఊరు కట్టుకున్నవాళ్లకు వేరే లెక్క ఉంటుంది. 2019లో వచ్చిన ‘గ్యాదరింగ్ స్టార్మ్’ అనుబంధం నుంచి ఆరో ఆటలో వరదలు వస్తాయి. అవి పొలాలను, ఇళ్లను తుడిచిపెడతాయి, పోతూపోతూ ఒండ్రు మిగిల్చి ఆ గడి సారాన్ని పెంచుతాయి కూడా. మంచి నేల అనుకున్నదే ఏదో ఒక వంతులో ఊరి మీదికి వస్తుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ అదే చేసింది. ‘తుగ్యానీ’ అని పాతబస్తీ ఈనాటికీ చెప్పుకునే ఆ వరదలో వేల ఇళ్లు కూలాయి. చనిపోయినవారు పదిహేను వేలదాకా ఉంటారని చెబుతారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊరిని జరపమని ఆయన చెప్పలేదు. ఎగువన మూసీనీ, అందులో కలిసే ఈసీనీ ఆపమన్నాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ముంచే నీరే తాగే నీరయింది. ఆటలో ఆనకట్ట కూడా ఇలా రెండు పనులు చేస్తుంది: వరదను ఆపుతుంది, మూడు పాళ్ల వసతి ఇస్తుంది. కాకపోతే ఆ విద్య మొదట్లోనే రాదు. అంతవరకు ముంపు గడుల్లో విలువైనవి కట్టకుండా పొలాలతో సరిపెట్టుకోవడమే తెలివి.

చివరి దశలో నేల చెడ్డదా మంచిదా అన్న తేడా పలుచబడిపోతుంది. డబ్బు, యంత్రాలు ఉంటే నీరు ఎంత దూరం నుంచైనా వస్తుంది. హైదరాబాద్‌కు 1960లలో మంజీర, ఈ శతాబ్దంలో నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, 2015 చివర గోదావరి వచ్చాయి. కృష్ణ, గోదావరి రెండూ వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణించి, ఎత్తిపోతల మీద పైకెక్కి చేరేవే.

మిగులుకు బేరం

లోటు తీర్చుకోవడం సగం పనే. మొండి నేల నుంచి ఆట గెలిచినవాళ్లు రెండో సగం మీద ఎక్కువ మనసు పెడతారు. కొండల మధ్య ఇరుక్కున్నవారికి విద్యాలయం వరం. పక్కనున్న ఒక్కో కొండకూ ఒక పాలు విజ్ఞానం అదనంగా చేరుతుంది. ఎడారిలో పడినవారు ఎడారి గడులకు పుణ్యం కూర్చే దేవతా విశ్వాసాన్ని ముందుగా ఎంచుకుని ఆ పక్కనే ఆలయాలు నిలుపుతారు. టండ్రాకూ అలాంటి విశ్వాసమే ఉంది. పెట్రా అనే అద్భుత కట్టడం దక్కితే ముంపు గడులు కాని ఆ ఊరి ఎడారి గడులన్నీ ఒక్కసారిగా రెండేసి పాళ్ల ఆహారం, రెండేసి పాళ్ల బంగారం, ఒక్కో పాలు ఉత్పత్తి ఇస్తాయి. అయితే ప్రపంచంలో ఒక్కరే దాన్ని కట్టగలరు. పక్కవాడు ముందే పూర్తిచేస్తే ఆ ఆశ ఆవిరి. మొత్తం ఆటను దాని మీదే పందెం కాయడం అంత మంచి సలహా కాదు.

నేల ఇవ్వనిదాన్ని దారి ఇవ్వగలదు. రెండు సొంత ఊళ్ల మధ్య వర్తక మార్గం వేస్తే, బయలుదేరిన ఊరికి తిండీ ఉత్పత్తీ అందుతాయి. పరదేశానికి వేస్తే బంగారం వస్తుంది, ఆ బంగారంతో దూరపు మంచి గడిని కొనుక్కోవచ్చు. గోల్కొండ రాజ్యం వెలిగింది చాలావరకు ఈ పద్ధతిలోనే. వజ్రాలు పుట్టింది కోట గుట్టల్లో కాదు, కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. బేరం జరిగింది గోల్కొండలో, కార్వాన్ బజార్లలో. సముద్రం దూరమన్న లోటును మచిలీపట్నం రేవు తీర్చింది. ఆ రేవు నుంచి రాజధానికి వచ్చే బాట మీద సరుకుతో పాటు పర్షియన్లు, డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు కూడా నడిచి వచ్చారు.

ఎవరూ ఆశపడని నేలకు ఇంకో లాభం ఉంది: దాన్ని గెలవడం ఖరీదు. ఆరో ఆటలో గుట్ట మీద నిలబడి కాపు కాసే సేనకు మూడు పాయింట్ల బలం అదనం. ఎగుడుదిగుడు గడుల్లోకి వచ్చేవాడి నడక మందగిస్తుంది. రాతి నేలలో మొదలుపెట్టినవారు అందుకే తొలి వంద వంతుల్లో సైన్యం మీద తక్కువ ఖర్చుపెట్టి, ఆ ఉత్పత్తిని కొత్త ఊళ్లకు మళ్లించగలుగుతారు. 1687లో ఔరంగజేబు గోల్కొండ ముందు ఎనిమిది నెలలు కూర్చున్నాడు. బయట ఉన్న మొఘల్ సేనే వానలతో, కరువుతో ఎక్కువ నలిగింది. చివరికి కోట గోడ కూలి పడిపోలేదు. లోపలివాడొకడు తలుపు తీశాడు. నేల ఇచ్చే రక్షణకు హద్దు అక్కడుంది.

ఇంత తంటా ఎందుకు, పటం నచ్చకపోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు కదా అనేవారూ ఉన్నారు. ఒంటరిగా ఆడేటప్పుడు అందులో తప్పేం లేదు. ఆరో ఆట మెనూలో దానికి మీట కూడా ఉంది. చిక్కేమిటంటే, నచ్చే పటం దొరికేదాకా పదిసార్లు మీట నొక్కేవారు ఒకే రకం నేలకు, ఒకే రకం ఎత్తుకు అలవాటుపడిపోతారు. ముందు పది పదిహేను వంతులు ఆడి, చీకటి కొంత తొలగాక నిర్ణయించడం మేలు. ఎడారి అనుకున్నదాని అవతల పెద్ద నది బయటపడడం మామూలే. తిండీ, నీరూ, ఉత్పత్తీ మూడూ లేక, రెండో ఊరికి కూడా చోటు కనబడకపోతే వదిలెయ్యడమే న్యాయం.

నలుగురు కలిసి ఆడేటప్పుడు ఒక్కరికోసం పటం మార్చడం కుదరదు కాబట్టి ముందే కట్టుబాటు చేసుకోవాలి. బల్ల మీద ఆడే ‘కటాన్’ 1995లోనే దీనికి దారి చూపింది. మొదటి ఇళ్లు వరసగా పెట్టాక, రెండో ఇళ్లు చివరివారి నుంచి వెనక్కి పెట్టుకుంటూ వస్తారు. చివర మిగిలినవారికి రెండు చోట్లు ఒకేసారి ఎంచుకునే వీలు పరిహారంగా దొరుకుతుంది. ‘గో’ ఆటలో రెండో ఆటగాడికి జపాన్ నియమాల ప్రకారం ఆరున్నర పాయింట్లు, చైనాలో ఏడున్నర ముందే కలుపుతారు. బాబీ ఫిషర్ 1996లో ప్రకటించిన చదరంగంలో వెనక వరస పావులు 960 రకాల్లో ఏదో ఒక రకంగా అమరుతాయి, కానీ ఇద్దరికీ అదే అమరిక. ‘సివిలైజేషన్’లో అయితే ఆట మొదలెట్టే ముందు తెరలో ‘స్టార్ట్ పొజిషన్’ అనే వరసను ‘బ్యాలన్స్‌డ్’కు మార్చితే చాలావరకు తేడాలు తగ్గుతాయి. ‘లెజెండరీ’ అని పెడితే అందరికీ సమృద్ధి నేల దక్కుతుంది. వర్షపాతం, ఉష్ణోగ్రత, ప్రపంచ వయసు కూడా అక్కడే మార్చుకోవచ్చు. వయసు తక్కువ ఉన్న ప్రపంచంలో కొండలు ఎక్కువ, వయసు మీరినదాంట్లో నేల చదును.